కుండ కొట్టి చూసే చెవి

సంతలో కుండ కొనేవాళ్ళను ఎప్పుడైనా గమనించారా? చదువుకున్నవారూ, చదువు లేనివారూ, కలిగినవారూ, లేనివారూ అందరూ ఒక్కటే పని చేస్తారు. కుండను ఎడమ అరచేతి మీద నిలిపి, కుడిచేతి వేలి కణుపుతో ఒక దెబ్బ వేసి, తల కొంచెం వంచి వింటారు. కంగుమంటే డబ్బు తీస్తారు. బద్ద మోత మోగితే పక్కకు నెట్టి మరొకటి అందుకుంటారు. కంటికి కనిపించని పగులు చెవికి దొరుకుతుందని వాళ్ళకు ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. అమ్మ కొడుతుంటే చూసి నేర్చుకున్నారు, అంతే.

ఈ వారం నేను మనవి చేయబోయేది కుండల బేరం గురించి కాదు. ఇంట్లో కూర్చుని, తీరిక వేళల్లో, మంచి స్పీకర్లు స్వయంగా తయారు చేసుకునే వ్యాసంగం గురించి. అయితే ఆ వ్యాసంగానికి కావలసిన మొదటి పనిముట్టు రంపమూ కాదు, టంకం పుల్లా కాదు. కుండ కొట్టి చూసే ఆ చెవే. అందుకని అక్కడినుంచి ఎత్తుకున్నాను.

"తెలుగు పద్యాలు చెప్పుకునేవాడికి స్పీకర్లతో ఏం పనండీ?" అని మా కళాశాలలో ఫిజిక్సు లెక్చరరుగారు నన్ను తరచు దెప్పుతూ ఉంటారు. పని ఉన్నదనే నా మనవి. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. మాట పలికిన తరువాత మెల్లగా తోచే అర్థాన్ని, గంట కొట్టిన తరువాత చాలాసేపు వినిపించే అనురణనంతో పోల్చారు మన ఆలంకారికులు. గంట మోత ఎలా సన్నగిలి ఎలా ఆగుతుందో చెవిపెట్టి వినకపోతే ఆ పోలిక పుట్టి ఉండేదే కాదు. మంచి స్పీకరు ఆ సన్నగిలే మోతను చివరిదాకా వినిపిస్తుంది. చెడ్డ స్పీకరు మధ్యలోనే మింగేస్తుంది, లేదా లేని మోతను తగిలిస్తుంది. కొందరు వ్యాఖ్యాతలుంటారు చూశారూ, మూలంలో కవి ఏమన్నాడో చెప్పరు, తమకు తోచింది చెబుతారు. చెడ్డ స్పీకరు ఆ జాతిది.

మాది నస్పూర్. మంచిర్యాలను ఆనుకుని, గోదావరికి దగ్గరగా, బొగ్గుబాయిల మధ్య పెరిగిన ఊరు. మూడు షిఫ్టుల ఊరు కూడాను. ఒక ఇంట్లో పొద్దుటి కాఫీ వేళకు పక్కింట్లో రాత్రి షిఫ్టు దిగివచ్చిన మనిషి అప్పుడే నడుం వాలుస్తూ ఉంటాడు. ఇటువంటి చోట పాట వినడం ఒక్కడి వ్యవహారం కాదు. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు స్పీకరు అంటే ఏమిటో చూద్దాం.

పాత టేపురికార్డరులోంచో, మూలపడ్డ టీవీలోంచో ఒక స్పీకరును విప్పి చేతిలోకి తీసుకోండి. వెనుక బరువుగా ఉన్నది అయస్కాంతం. దాని నడిమి సందులో సన్నని రాగి తీగ చుట్ట ఒకటి తేలుతూ ఉంటుంది. దాన్ని కాయిలంటారు. ఆ కాయిలుకు అతుక్కుని గరాటు ఆకారంలో ఒక కాగితం ఉంటుంది. అదే కోను. కాయిలులో విద్యుత్తు ఇటూ అటూ పారితే అది ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితో కోను కదులుతుంది. కోనుతో గాలి కదులుతుంది. ఇంతే రహస్యం. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ఈ పద్ధతిని సాకల్యంగా వివరించి ప్రకటించారు. వందేళ్ళు గడిచినా, మన ఇళ్ళలోని స్పీకర్లలో ఎక్కువ భాగం నేటికీ ఆ పద్ధతినే నడుస్తున్నాయి. కోను కాగితం గుజ్జుతో చేస్తారంటే మా ప్రాంతంవారికి ఎక్కువ ఆశ్చర్యం కలగదు. ఇక్కడినుంచి రైలెక్కితే కాగజ్‌నగర్ ఎంతో దూరం కాదు. వెదురు కాగితంగా మారడం చూసినవాళ్ళం, కాగితం పాటగా మారితే నమ్మలేమా!

ఇప్పుడు ఒక పరీక్ష. ఆ ఒట్టి స్పీకరుకు పాట కలిపి బల్లమీద పెట్టండి. గొంతు వినిపిస్తుంది గాని, పీలగా ఉంటుంది. డోలు దెబ్బ అసలే ఉండదు. కారణం ఇది. కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది. అదే క్షణంలో వెనుకనున్న గాలి పలచబడుతుంది. మంద్ర స్వరాల అలలు చాలా పొడుగు. సెకనుకు 100 సార్లు ఊగే స్వరం అల సుమారు మూడున్నర మీటర్లుంటుంది. అంత పొడుగు అలకు అరచేతి వెడల్పు స్పీకరు అడ్డమా? ముందరి ఒత్తిడి అంచు చుట్టూ తిరిగి వెనుకనున్న వెలితిలోకి పోతుంది. కూడికా తీసివేతా కలిసి సున్న. అందువల్ల ముందుగాలినీ వెనుకగాలినీ విడదీయాలి. దానికే పెట్టె. పెట్టె అందానికి అనుకునేవారు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

పెట్టె లేనివాడు ఏం చేశాడు? కుండ తెచ్చాడు. టేపురికార్డర్ల రోజుల్లో మన పల్లెల్లో, పట్నం వాడల్లో కుండ మూతిమీద స్పీకరు బోర్లించి పాటలు విన్న ఇళ్ళు ఎన్నో. చాయి హోటళ్ళలోనూ ఉండేవి. "కుండ పెడితే బేసు వస్తది" అన్న మాట అందరి నోటా ఉండేది. ఎందుకు వస్తుందో చెప్పినవారు అరుదు.

ఖాళీ సీసా మూతిమీద ఊదితే బుయ్యిమంటుంది గదా. సీసా కడుపులోని గాలి స్ప్రింగులాగా, మెడలోని గాలి దానికి కట్టిన బరువులాగా ఊగడం వల్ల ఆ మోత పుడుతుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో సంగీత ధ్వనులపై ప్రకటించిన గ్రంథంలో ఈ గుల్ల గోళాల సంగతి విపులంగా ఉన్నది. కుండ అటువంటి గోళమే. స్పీకరును మూతిమీద వదులుగా పెడితే, కుండ తన కడుపుకూ మెడకూ తగిన ఒక్క స్వరాన్ని పట్టుకుని దాన్నే పెద్దది చేస్తుంది. అందుకే ఆ రోజుల్లో ఏ పాట పెట్టినా కింద ఒకే బొంయి బొంయి. జోలపాటకూ అదే, జాతరపాటకూ అదే.

ఇంతమాత్రానికి కుండను చిన్నచూపు చూడవద్దు. అమెరికాలో ఆర్.సి.ఏ. ప్రయోగశాలలో పనిచేసిన హారీ ఓల్సన్ అనే ఆయన రకరకాల ఆకారాలలో స్పీకరు పెట్టెలు చేయించి, ఏ ఆకారం స్వరాలను ఎక్కువ తక్కువలు లేకుండా బయటికి పంపుతుందో కొలిచి 1951లో ప్రకటించాడు. వాడి అంచులు ధ్వనిని చెదరగొడతాయి. ఆ పరీక్షలో అన్నిటికన్న సమంగా పలికినది గోళం. మన కుమ్మరి సారెమీద పుట్టే ఆకారమన్నమాట! కుండకు ఇంకొక సుగుణం కూడా ఉన్నది. వంపు తిరిగిన గోడ చదునైన పలకలాగా సులువుగా ఊగిపోదు. చేయవలసిందల్లా దాని ఒంటిస్వరపు పట్టుదలను మాన్పించడమే. మూతికి సరిపడా చెక్కతో ఒక వలయం కోయించి, స్పీకరును దానికి బిగించి, గాలి దూరకుండా అతికించాలి. పచ్చి మట్టిగోడ రంధ్రాలు పూడేట్టు లోపల రెండు పూతలు రంగు వేయాలి. కడుపునిండా దూది వదులుగా కూరాలి. ఆదిలాబాదు నేలమీద దూదికి కరువా! అయితే దూది చెమ్మ పీలుస్తుంది, పురుగు పడుతుంది. దిండ్లలో వాడే పాలిస్టరు దూది అయితే ఆ బాధ లేదు. కుండ కింద గడ్డితో చుట్టిన కుదురు పెడితే బల్ల అదరదు. మన పెద్దలు నీళ్ళకుండ దొర్లకుండా కనిపెట్టిన కుదురు ఇక్కడ కూడా పనికి వచ్చింది.

కుండ ఎంతది కావాలి? ఇక్కడ కొంచెం లెక్క ఉన్నది, భయపడకండి. పూర్వం ఇది చాలావరకు ఊహమీదా, అనుభవంమీదా నడిచేది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ఒక వ్యాసం రాసి, స్పీకరు గుణాలనుబట్టి పెట్టె ఎలా ఉండాలో ముందే లెక్కవేయవచ్చునని చూపించాడు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాలలో దాన్ని విస్తరించాడు. నేడు కాస్త పేరున్న స్పీకరు ఏది కొన్నా దానితో వచ్చే కాగితంమీద ఈ ఇద్దరి లెక్కకు కావలసిన అంకెలు ఉంటాయి. వాటిలో మూడు చాలు. ఎఫ్.ఎస్. అంటే స్పీకరు తనంతట తాను ఊగే వేగం. క్యూ.టి.ఎస్. అంటే ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె. వి.ఏ.ఎస్. అంటే కోను పట్టుదలకు సమానమైన స్ప్రింగు బలం గల గాలి ఎన్ని లీటర్లో చెప్పే అంకె.

మీ స్పీకరు ఎఫ్.ఎస్. 50, క్యూ.టి.ఎస్. 0.4, వి.ఏ.ఎస్. 20 లీటర్లు అనుకుందాం. మూసిన పెట్టెలో సమంగా పలకడానికి గురి 0.7 అని పెట్టుకుంటారు. 0.7ను 0.4తో భాగిస్తే 1.75. దాన్ని దానితోనే గుణిస్తే సుమారు 3.06. అందులో ఒకటి తీసేస్తే 2.06. ఇరవై లీటర్లను 2.06తో భాగిస్తే 9.7 లీటర్లు. అదే మీ పెట్టె కడుపు. 50ని 1.75తో గుణిస్తే దాదాపు 88. అంటే ఆ స్వరం కిందికి దిగినకొద్దీ బలం తగ్గుతూ పోతుంది. వచ్చేది ఇంత, రానిది ఇంత అని ముందే తెలిసిపోయింది గదా. ఇల్లు కట్టేముందు కాగితంమీద గీసుకున్నట్టే ఇదీను.

కుండ లోపల ఎన్ని లీటర్లో కొలవడానికి గణితం అక్కరలేదు. లీటరు సీసాతో నీళ్ళు పోసి లెక్కపెట్టండి. పెట్టె అయితే లోపలి కొలతలు 30, 20, 17 సెంటీమీటర్లు పెడితే 10.2 లీటర్లు. స్పీకరు వెనుకభాగం ఆక్రమించే అర లీటరు పోగా మనకు కావలసినది మిగులుతుంది. చెక్క మందం 18 మిల్లీమీటర్లయితే బయటి కొలతలు ఒక్కొక్క దిక్కున 3.6 సెంటీమీటర్లు పెరుగుతాయి. లోకొలతా వెలికొలతా వడ్రంగికి విడివిడిగా రాసి ఇవ్వండి. లేకపోతే పెట్టె చక్కగానే వస్తుంది, లోపలి గాలి తగ్గిపోతుంది.

ఏ చెక్క? మాది టేకు అడవుల సీమ గనుక అందరి నోటా మొదట వచ్చే మాట టేకే. తలుపులకు అంతకు మించినది లేదు. కాని నిండు చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. అతుకులు విచ్చి గాలి దూరితే మన లెక్క నీళ్ళపాలే. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క మరీ తేలిక. బొమ్మకు అది గుణం, స్పీకరు పెట్టెకు దోషం. మంచి ప్లైవుడ్డో, ఎం.డి.ఎఫ్. పలకో మేలు. ఎం.డి.ఎఫ్. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు, దాని పొడి ఊపిరికి మంచిది కాదు. అంచులకు ఫెవికాలు ధారాళంగా పట్టించి, తాళ్ళతోనో బిగింపులతోనో ఒక రాత్రి కదలకుండా ఉంచాలి. మరునాడు స్పీకరు బిగించి, కోనును రెండు పక్కలా వేళ్ళతో మెత్తగా లోపలికి నొక్కి వదలండి. మెల్లగా పైకి వస్తే గాలి దూరడం లేదన్నమాట. టక్కున వస్తే ఎక్కడో సందున్నట్టు.

స్పీకరు తీగల్లో ఏది కూడిక, ఏది తీసివేత అనే అనుమానం వస్తే టార్చిలైటు బ్యాటరీ ఒకటి క్షణకాలం తాకించండి. కోను ముందుకు వస్తే బ్యాటరీ కూడిక కొస తాకినదే స్పీకరు కూడిక. సన్న స్వరాల ట్వీటరుకు మాత్రం ఈ పరీక్ష పెట్టకూడదు, అది తట్టుకోదు. రెండు స్పీకర్లకూ తీగలు ఒకే వరసలో కలపాలి. ఒకటి తిరగబడితే ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది, మంద్ర స్వరాలు మాయమవుతాయి.

పెద్ద కోనుకు సన్న స్వరాలు సరిగా పలకవు. ట్వీటరుకు మంద్ర స్వరాలు గిట్టవు. అందుకని ఎవరి పాలు వారికి పంచే ఏర్పాటును క్రాస్‌ఓవర్ అంటారు. స్పీకర్లు 8 ఓములవైతే, 2,500 ఊపుల దగ్గర పంచడానికి ట్వీటరు దారిలో 8 మైక్రోఫారడ్ల కెపాసిటరు, పెద్ద స్పీకరు దారిలో అర మిల్లీహెన్రీ తీగచుట్ట పెడితే మొదటి మెట్టు పూర్తయినట్టే. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ సరంజామా అంతా దొరుకుతుంది. మంచిర్యాలలో బండెక్కిన కుర్రాళ్ళు సాయంత్రానికి సంచితో తిరిగి వస్తారు. యాంప్లిఫయరు మాత్రం 12 వోల్టుల అడాప్టరుతో నడిచే చిన్నపలక కొనుక్కొమ్మని నా సలహా. ఇంటి కరెంటుతో కొత్తవాళ్ళకు చెలగాటం వద్దు.

బజారులో సిద్ధంగా దొరికేదానికి ఇంత తంటా ఎందుకని అడిగేవారున్నారు. ఇంగ్లండులో గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన బట్టల వ్యాపారంలో ఉండేవాడు. 1932లో యార్క్‌షైరులోని ఇల్క్‌లీ పట్నంలో తన ఇంటి నేలమాళిగలో స్పీకర్లు చేయడం మొదలుపెట్టాడు. ఆ లోయ పేరుమీదనే వార్ఫ్‌డేల్ అనే కంపెనీ వెలిసింది. 1954లో లండను రాయల్ ఫెస్టివల్ హాలులో వేలమంది ఎదుట వాద్యకారులను వాయింపజేసి, ఆ వాద్యాన్నే స్పీకరులో వినిపించి, తేడా మీరే చెప్పండన్నాడు. అమెరికాలో స్థిరపడ్డ బెంగాలీ దేశభక్తుని కుమారుడు అమర్ బోస్, 1956లో కొని తెచ్చుకున్న స్పీకర్లు మనసుకు నచ్చక, ఎందుకు నచ్చలేదో వెతుకుతూ 1964లో కంపెనీ పెట్టేదాకా పోయాడు. మనం కంపెనీలు పెట్టనక్కరలేదు. "నా చెవికి ఇది బాగాలేదు, ఎందుకు?" అని ఆ ఇద్దరిలాగా ఒక్కసారి అడిగితే చాలు. కొన్న వస్తువు ఆ ప్రశ్నను నోరుమూయిస్తుంది. చేసుకున్న వస్తువు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

తయారైన స్పీకరును పరీక్షించడానికి చాలామంది డప్పుల పాట పెట్టి గుండె అదిరిందా లేదా చూస్తారు. నేను తెలుగువాణ్ణి గనుక నా పరీక్ష వేరు. "శేషయ్య శనివారం సంతలో చాపలు చూశాడు" అని ఒకరిచేత చెప్పించి, రికార్డు చేసి వినిపిస్తాను. శ, ష, స మూడూ మూడుగా వినిపించాలి. చాప సాప కాకూడదు. అచ్చుల బలం కింది స్వరాలలో ఉంటుంది, ఈ ఊష్మాల ప్రాణమంతా 4,000 ఊపుల చుట్టుపట్లా ఆపైనా ఉంటుంది. పాత టెలిఫోను 300 నుంచి 3,400 దాకానే మోసేది గనుకనే అందులో పేర్లు చెప్పేటప్పుడు అక్షరం అక్షరం పలకవలసి వచ్చేది. మాట స్పష్టంగా వినిపించే స్పీకరులో పాట దానంతటదే బాగుంటుంది. ఈ పరీక్షలో నెగ్గిన తరువాత ఒగ్గుకథ పెట్టండి. డోలు దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి. తాళం మోత డోలు కింద నలిగిపోకూడదు.

ఆమధ్య మా విద్యార్థి ఒకడు తాను చేసిన పెట్టెను వాళ్ళింట్లో వినిపించడానికి నన్ను పిలిచాడు. వాళ్ళ తాత బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటినవాడు. మంచంమీద కూర్చుని పాట కాసేపు విన్నాడు. లేచి వచ్చి పెట్టె నాలుగు పక్కలా కణుపుతో కొట్టి చూశాడు.

"పోరగా, ఈ పక్క గుల్లగున్నదిరా. లోపట ఒక కట్టె నిలవెట్టు."

"నీకెట్ల ఎరుక తాతా?"

"బాయిల కప్పు కొట్టి చూసుడే మా పని. గట్టి కప్పు కంగుమంటది. పొర ఇడిసిన కప్పు గుల్ల మోత మోగుతది. ఆ మోత ఇంటే అక్కడ నిలబడొద్దు. ఇని బతికినోళ్ళంరా మేం."

మనవడు పెట్టె విప్పి, ఆ పక్కనుంచి ఎదుటి పక్కకు ఒక అడ్డకట్టె అతికించాడు. మరునాటికి మగగొంతులో ఉన్న డొల్లతనం పోయింది. కుండ కంగుమనాలి, బాయి కప్పు కంగుమనాలి, స్పీకరు పెట్టె మాత్రం రాయిలాగా మూగగా టక్కుమనాలి. మూడింటినీ కొలిచేది ఒక్క చెవే.

అదే రోజు నేను శేషయ్య వాక్యం వినిపించాను. తాత మనవణ్ణి అడిగాడు: "శేషయ్య దేంట్ల చూసిండురా? గంతల్నా, సంతల్నా?" మళ్ళీ వేశాం. మళ్ళీ అదే ప్రశ్న. మనవడు వాల్యూము పెంచాడు. "గట్టిగ ఇనవడ్తున్నది గని, తేటగ ఇనవడ్తలేదు" అన్నాడు తాత. పెట్టెలో దోషం లేదు. వయసు మీదపడితే ముందుగా జారిపోయేవి ఆ సన్న స్వరాలే. మోత పెంచితే వచ్చేవి కావవి. ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళూ ఆయనకు పరాకు ఎక్కువైందనుకున్నారట. స్పీకరు పరీక్ష కాస్తా చెవి పరీక్ష అయింది. తరువాత మనవడే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఇప్పుడు చెవి యంత్రం పెట్టుకుని, మనవరాలు ఫోనులో చెప్పే కబుర్లకు తగిన జవాబులు చెబుతున్నాడు.

వయసుతో పోయేదాన్ని ఎవరూ ఆపలేరు. వయసు రాకముందే పోగొట్టుకునేదాని సంగతి వేరు. విపరీతమైన మోత చెవిలో మొదట దెబ్బతీసేది కూడా 4,000 ఊపుల చుట్టుపట్లనే, అంటే మన శ, ష, స ల ఇంటినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు వినదగినది 80 డెసిబెల్స్. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినదగిన కాలం సగమవుతుంది. 83కు 20 గంటలు, 86కు పది గంటలు. ఇలా పోతే 101 దగ్గర వారానికి 20 నిమిషాలు కూడా మిగలదు. పెళ్ళి ఊరేగింపులో డీజే బండి ముందు రెండు గంటలు గంతులు వేసిన కుర్రవాడు ఎన్ని వారాల ఖర్చు ఒక్కనాడే పెట్టేశాడో లెక్కవేసుకోవచ్చును. మరునాటి ఉదయం చెవిలో గుయ్యిమంటే నవ్వి ఊరుకుంటాడు. బద్ద మోత మోగిన కుండను సంతలో మార్చుకోవచ్చు. దీన్ని మార్చి ఇచ్చే కుమ్మరి లేడు.

మోత విషయంలో చట్టం కూడా ఉన్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడుస్పీకర్లు కూడవు. అయితే మా ఊళ్ళో కొందరికి రాత్రి పగలే వస్తుంది. రాత్రి షిఫ్టు దిగి పడుకున్నవాడి నిద్రకు ఏ నిబంధనా కాపలా కాయదు, పక్కింటివాడి మర్యాదే కాయాలి. సొంతంగా స్పీకరు చేసుకున్న కుర్రాళ్ళలో నేను చూసిన ఒక మంచి ఇదే. చేస్తున్నకొద్దీ మోత తగ్గిస్తారు. తాళం అంచు వినాలంటే గది నిశ్శబ్దంగా ఉండాలని వాళ్ళకే తెలుస్తుంది. యాంప్లిఫయరు శక్తిని 20 వాట్లనుంచి 40కి పెంచినా పెరిగేది మూడు డెసిబెల్సేనని, ఆ తేడా చెవికి ఏమంత గొప్పగా తెలియదని లెక్క తెలిసినవాడు వాట్ల మోజులో డబ్బు తగలేయడు.

కాబట్టి వచ్చే సెలవులకు పిల్లలకు ఒక పాత స్పీకరు, ఒక కుండ, గుప్పెడు దూది ఇచ్చి చూడండి. మీరు పక్కన కూర్చోండి, చేతులు మాత్రం వాళ్ళవే ఆడనివ్వండి. గోడకు దగ్గరగా పెడితే ఎలా ఉంది, మూలకు జరిపితే ఎలా ఉంది, దూది తీస్తే ఏమైంది అని అడుగుతూ ఉండండి. తప్పు జవాబంటూ ఉండదు, వినకుండా చెప్పిన జవాబు తప్ప. పాట తేటగా పలికిన నాడు ఇంట్లో అందరికన్న పెద్దవారిని పిలిచి మొదటి పాట వాళ్ళనే ఎంచుకోమనండి. పాట వింటున్నంతసేపూ స్పీకరును చూడకండి, వాళ్ళ ముఖం చూడండి. మాట అందుతున్నదీ లేనిదీ అక్కడే తెలిసిపోతుంది. అందకపోతే మోత పెంచవద్దు, చెవి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.